గంజిమూతకు పెట్టిన కన్నం

మొన్న ఆదివారం మావారు విశాఖపట్నం నుంచి రెండు స్పీకరు పెట్టెలు తెచ్చి, ముందుగదిలో చెరో మూలా గోడకి ఆనించి పెట్టారు. నల్లరంగు, ముందువైపు గుడ్డ, మిగతా అంతా మూసేసిన చెక్క. పాట పెట్టగానే కిటికీ అద్దాలు జిల్లుమన్నాయి, ఉయ్యాల్లో ఉన్న మా ఐదు నెలల పిల్ల ఉలిక్కిపడి రెండు చేతులూ పైకెత్తింది, నేను పరుగెత్తి వెళ్లి ఆపేశాను. దాని చెవులకి ఏమైనా అవుతుందేమోనని నా భయం. చదువుకున్నదానివి, నీకిన్ని భయాలేమిటే అంటారు మా అత్తగారు. చదువుకోబట్టే ఇన్ని భయాలని ఆవిడకి ఎలా చెప్పను. గొడవ సర్దుమణిగాక మావారు నాకు స్పీకరు శాస్త్రం బోధించారు. వెనక పెట్టె లేకపోతే స్పీకరు స్పీకరే కాదట. డిగ్రీలో ఫిజిక్సు చదివింది నేనన్న సంగతి ఆయనకి అప్పుడప్పుడు గుర్తుండదు. పెట్టె లేని స్పీకరు మా నాన్న చేశారు, అది విన్న చెవులివి అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. నేను మాత్రం ఊరుకోదలచుకోలేదు. పిల్ల పడుకున్నాక, మధ్యమధ్య లేచి దాని ఊపిరి చూసి వస్తూ, ఇది రాస్తున్నాను.

మా నాన్న అనంతగిరి కొండల్లో ఒక ఆశ్రమ పాఠశాలలో పిల్లలకి వడ్రంగం నేర్పే మాస్టారు. మేము శృంగవరపుకోట వైపు వాళ్లం. ఆయన తల్లి పుట్టిల్లు బొబ్బిలి దగ్గర, వీణలు చేసే ఊళ్లో. పనస దుంగని తొలిచి వీణ చేసే చేతుల్ని చిన్నప్పటినుంచీ చూసి పెరిగిన మనిషి కాబట్టి, లోకంలో పనసని మించిన చెక్క లేదని ఆయన గట్టి నమ్మకం. ఎప్పటికైనా నాకు వీణ చెయ్యాలని ఒక పనస పలకని బొబ్బిలి నుంచి మోయించి తెచ్చి, మా క్వార్టర్సులో అటక మీద పెట్టుకున్నారు. వానాకాలం వచ్చిందంటే కొండమంచుకి మా బట్టలూ పుస్తకాలూ బూజు పట్టేవి కానీ, ఆ పలకకి మాత్రం గోనెగుడ్డలు చుట్టి ఉండేవి. అమ్మ దాన్ని తన సవతి అనేది.

ఆ బళ్లో వంట చేసే ఆవిడ గెడ్డ, అంటే కొండవాగు, అవతలి కొండ ఊరి మనిషి. పిల్లలతో పాటు మేమందరం ఆమెని అప్ప అనేవాళ్లం. నూరుమందికి వండే గుండిగని ఒక్కతే దించేది. వండుతూ పాడేది. ఆ పాటల్లో సగం మాటలు నాకు తెలిసేవి కావు, కానీ కట్టెల పొగలో కళ్లు నులుముకుంటూ వంటపాక గుమ్మంలో కూర్చుని వినేదాన్ని. ఒకసారి రేడియోవాళ్లు జీపులో సంతకి వచ్చి, ఎవరో చెబితే బడికి కూడా వచ్చి, అప్ప చేత ఒక పాట పాడించుకుని టేపు మీద ఎక్కించుకుపోయారు. మళ్లీ వినిపించమని అడిగితే టైము లేదన్నారు. కొన్నాళ్లకి హెడ్మాస్టరు గారి పేర కార్డు వచ్చింది, ఫలానా శుక్రవారం సాయంత్రం గ్రామీణుల కార్యక్రమంలో ఆ పాట వేస్తారని.

ఇప్పటి పిల్లలకి ఇది అర్థం కాదు, మన ఈడు వాళ్లకి చెప్పక్కర్లేదు. టేపు రికార్డరు అనేది సినిమాల్లో కనిపించే వస్తువు. రేడియోలో ఒకసారి వచ్చి పోయిన పాట మళ్లీ మన చెవిన పడుతుందన్న ఆశ లేదు. అప్ప తన గొంతు తానెన్నడూ వినలేదు, ఆ ఒక్కసారి తప్పితే వినబోదు కూడా. పైగా ఆమె ఒక్కతే విని ఊరుకునే మనిషి కాదు. ఊరుఊరంతా గెడ్డ దాటి వస్తామన్నారు, ఆమె ముసలి తల్లిని జోలెలో మోసుకొస్తారట. బళ్లో ఉన్నదేమో అరచేతంత స్పీకరున్న ట్రాన్సిస్టరు. దాని గొంతు హెడ్మాస్టరు గారి గదిలో ఆయన బల్ల దాటి వస్తే గొప్ప.

కొండపాట కోసం అంత హడావుడి ఎందుకని హెడ్మాస్టరు గారు అన్నారట. ఆ మాట నాన్నకి ఎక్కడో తగిలింది. అప్పటినుంచి ఆయన ఇంటికి వచ్చినా ఇంట్లో లేరు. బడి స్టోరులో పాడైపోయిన పాత వాల్వు రేడియో ఒకటి పడి ఉంటే, దాని కడుపులోంచి వెడల్పాటి కాగితపు స్పీకరుని ఊడదీశారు. చిన్న రేడియో నుంచి రెండు తీగలు లాగి దానికి కలిపితే గొంతు గట్టిగానే వచ్చింది కానీ రేకుడబ్బాలో గులకరాళ్లు వేసినట్టు ఉంది. నాన్న నన్ను గెడ్డ దగ్గరికి తీసుకెళ్లి నీళ్లలో అరచెయ్యి ఆడించమన్నారు. నీళ్లు వేళ్ల పక్కనుంచి జారి వెనక్కి పోయాయి. తరవాత అన్నం తినే పళ్లెం ఇచ్చి దాన్ని ఆడించమన్నారు. ఈసారి నీళ్లు లేచి అవతలి రాయికి కొట్టాయి. స్పీకరు ముందుకి తోసిన గాలి పక్కనుంచి వెనక్కి జారిపోకుండా చుట్టూ వెడల్పాటి పలక ఉండాలి, అంతే, పెట్టెతో పని లేదు అన్నారు. కాలేజీలో ఇదే సంగతిని మా లెక్చరరు బోర్డంతా నింపి చెప్పారు. నాకు మాత్రం గెడ్డ నీళ్ల చల్లదనమే చేతికి తగిలింది.

అటక మీది పలక దిగింది. వీణ సంగతి ఏమిటని నేను అడగలేదు, అమ్మ అడిగింది. నాన్న చిత్రిక పట్టడం మొదలుపెట్టారు. వీణ పైచెక్క ఎంత పల్చగా ఉంటుందో అంత పల్చగా తీశారు. మధ్యలో గుండ్రంగా గీత గీసి, బరమాతో చుట్టూ బెజ్జాలు వేసి, సన్నరంపంతో కలుపుకుంటూ కోసి, స్పీకరుని మరలతో బిగించారు. పలకని వేలితో మీటితే ఖంగుమంది. చూశావా, మాట్లాడకముందే పాడుతోంది అని ఆయన మురిసిపోయారు.

తీరా రేడియో పెడితే, వార్తలు చదివేవాడు బిందెలో తల పెట్టి చదువుతున్నట్టుంది. పాట వస్తే కొన్ని స్వరాల దగ్గర మొత్తం పలకంతా జుంయ్‌మని, పాడేవాళ్ల గొంతుని మింగేస్తోంది. నాన్న మరలు బిగించారు, వదులు చేశారు, పక్కల రెండు బద్దలు కొట్టారు. శుక్రవారానికి ఇక మూడు రోజులే ఉంది. అప్పుడు అప్ప గరిటె పట్టుకునే వచ్చి, కాసేపు విని, అరచెయ్యి పలకకి ఆనించి నొక్కింది. జుమజుమ ఆగి, లోపలి గొంతు తేటగా వినపడింది. చెయ్యి తీస్తే మళ్లీ అదే రొద.

"పలక పాడేత్తంది మాస్టారూ. మనిసిని పాడనీటం లేదు" అంది అప్ప.

మా నాన్న తెల్లబోయి కూర్చోవడం నేను అదే మొదటిసారి చూడటం. వీణలో చెక్క పాడాలి. స్పీకరుకి చెక్క మూగదై ఉండాలి. తరతరాల పనస మీది గౌరవంతో ఆయన పప్పులో కాలేశారు. వీణల ఊరి రక్తం లేనివాడెవడూ ఆ తప్పు చెయ్యడు.

అప్ప ఆయన్ని వంటపాకలోకి తీసుకెళ్లి గంజి వార్చే మూత చూపించింది. మామిడి చెక్కతో చేసిన గుండ్రటి మూత, మూడడుగుల వెడల్పు, రెండంగుళాల మందం, ఏళ్ల తరబడి గంజి తాగి రాయిలా బరువెక్కి ఉంది. గరిటెతో కొడితే దబ్బుమని అక్కడికక్కడే చచ్చింది చప్పుడు. మామిడిచెక్కని మావైపు ఎవరూ లెక్కచెయ్యరు, చితికి పనికొచ్చే కట్టె అంటారు. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సర్కారు సామానమ్మా అని నసిగారు.

"గంజి వార్సీది నాను. అడిగితే నాను సెప్తాను. బేగి కోసీయండి" అంది.

కోసేశారు. మర్నాడు అన్నం వార్చడానికి అప్ప తమ ఊరినుంచి వెదురు సిబ్బి ఒకటి అల్లించి తెచ్చింది, అది మూతకంటే బాగా పనిచేసిందని అందరూ అన్నారు, హెడ్మాస్టరు గారు తప్ప. ఆయన నాన్నకి మెమో ఇచ్చారు. ప్రభుత్వ వంటసామానుకి రంధ్రం చేసినందుకు సంజాయిషీ. కొయ్యమన్నది నేనే, నాకియ్యండి కాగితం అని అప్ప ఆయన గదిలోకి వెళ్లి నిలబడిందట. చదువురాని మనిషికి మెమో ఎలా ఇస్తారని ఆయన అన్నారట. చదువొచ్చిన మాస్టారు చదివి పెడతారులెండి అన్నదట. అమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఉద్యోగం పోతుందని ఆమె బెంగ. ఈ భయాలు నాకు ఎక్కణ్ణుంచి వచ్చాయో వేరే చెప్పాలా. నాన్న మాత్రం ఒక్క వాక్యం రాసి ఇచ్చారు: మూతకు కన్నం పెట్టిన మాట నిజం, అన్నం వార్చుట ఆగలేదు.

రేడియో ఊరివాళ్లకీ పిల్లలకీ కలిపి ఇచ్చినదని నాన్న ఆర్డరు కాగితం చూపించాక హెడ్మాస్టరు గారు దాన్ని వరండాలోకి ఇవ్వక తప్పలేదు. అయితే స్టాఫు ముందువైపు, కొండవాళ్లు వెనకవైపు అని ఆయనే ఏర్పాటు చేశారు. నాన్న మూతని వరండా దూలానికి తాళ్లతో వేలాడగట్టారు, ఏ గోడకీ తగలకుండా. వెనక పెట్టె లేదు కదా, ఎంత గొంతు ముందుకి వస్తుందో అంతా వెనక్కీ వెళుతుంది. రాని చోటల్లా సరిగ్గా పక్కనే, మూత అంచు వైపు. అక్కడ ముందు గాలీ వెనక గాలీ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. హెడ్మాస్టరు గారు ఇరుపక్కల జనాన్నీ కనిపెట్టి చూడాలని కుర్చీ సరిగ్గా ఆ అంచు పక్కనే వేయించుకున్నారు. అక్కడ సరిగ్గా వినపడదని నాన్న ఆయనకి చెప్పలేదు. ఆ ఒక్క విషయంలో మా నాన్న మంచివారు కారు.

సాయంత్రానికి వరండా, మూత వెనకవైపు ముంగిలీ నిండిపోయాయి. అప్ప తల్లిని నిజంగానే జోలెలో తెచ్చారు. పంటలూ ఎరువులూ అయ్యాక రేడియోలో మనిషి, ఇప్పుడు ఏజెన్సీ ప్రాంతపు మహిళలు పాడిన పాట అన్నాడు. పాడింది ఒక్కతే. నాకు చప్పున కోపం వచ్చింది కానీ అప్పటికే పాట మొదలైంది. మూత మూగగానే ఉంది. అప్ప గొంతు మాత్రం, వంటపాక గుమ్మంలో నేను విన్న గొంతే, పొగ కూడా తగిలినట్టు, గాలిలో నిలబడి పాడింది. గుడ్డ లేదు, పెట్టె లేదు, మనిషంత ఎత్తులో మనిషంత గొంతు. ముందు కూర్చున్నవాళ్లు విన్నదే వెనకవాళ్లూ విన్నారు. కుర్చీలో ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఏమిటీ ఏమిటీ అని పక్కవాణ్ణి అడుగుతున్నారు.

రెండు మూడు నిమిషాల్లో అయిపోయింది. ఇంతవరకు ఏజెన్సీ మహిళల పాట విన్నారు అని మళ్లీ అదే మాట చెప్పి, కూరగాయల పురుగుల సంగతికి వెళ్లిపోయాడు. నాన్న రేడియో కట్టేశారు. అప్ప లేచి మూత పక్కకి వచ్చి నిలబడింది.

"ఆ పాడింది నానే. పాంగి గురుబారిని" అంది ముందున్న స్టాఫు వైపు చూసి.

తరవాత మూత చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లి, అక్కడ తన ఊరందరూ తనని ఎరిగినవాళ్లే అయినా, వాళ్లతోనూ అదే చెప్పింది. జోలెలోంచి ముసలి తల్లి, మద్దిలో ఒక వరస మింగేసినావేటే గుంటా అంది. నాను మింగనేదు, ఆల్లే కోసీసినారు అని అప్ప నవ్వి, రేడియో లేకుండా, కోసేసిన వరసతో సహా పాటంతా మళ్లీ పాడింది. ఈసారి హెడ్మాస్టరు గారికి కూడా వినపడింది.

ఆ వేసవిలో నాన్నని గుమ్మలక్ష్మీపురం వైపు బదిలీ చేశారు. మూత బడి సామాను కాబట్టి అక్కడే వదిలేశాం. వీణ నాకు రానేలేదు, దానికి నేనేమీ బాధపడటం లేదు. అప్ప పోయి నాలుగేళ్లయిందని మొన్నీమధ్య తెలిసింది. ఇప్పుడు అరకు వెళ్లే దారిలో ప్రతి కొట్లోనూ గొంతులు మోగుతూనే ఉంటాయి, ఎవరివో ఎవరూ అడగరు. ఆ టేపు రేడియోవాళ్ల దగ్గర ఏ బీరువాలోనో ఉండే ఉంటుంది, ఏజెన్సీ మహిళలు అన్న చీటీతో. ఎప్పుడైనా దుమ్ము దులిపి మళ్లీ వేస్తే, కాదు, ఇది గురుబారి పాట అని లేచి చెప్పడానికి ఆ సాయంత్రం మూతకి అటూ ఇటూ కూర్చున్నవాళ్లం ఎంతమందిమి మిగిలామో నాకు తెలియదు. నేనైతే ఉన్నాను.