గుర్వయ్య ఇండ్లు, ఐలేశం పేరు

తెలంగాణ వచ్చిన ఏడాదే గుర్వయ్య గొర్ల మందను అమ్మి, షాద్‌నగర్ శివారులో రెండు ప్లాట్లు కొన్నాడు. రెండు ఇండ్లు కట్టించి అమ్మాడు. తర్వాత నాలుగు, ఆపైన పన్నెండు. పదేళ్లు తిరక్కముందే గొర్ల గుర్వయ్య కాస్తా బిల్డర్ గుర్వయ్య అయ్యాడు.

అయినా అతని కడుపులో ఒక మంట. మొదటి ఇంటి నుంచీ తన దగ్గర పనిచేస్తున్న మేస్త్రీ ఐలేశమే ఆ మంట. ఇల్లు చూడవచ్చినవాళ్లు గోడ మీద చెయ్యి వేసి, "ఐలేశం మేస్త్రీ కట్టిందేనా?" అని అడిగేవారు. అవునంటేనే బయానా ఇచ్చేవారు. జాగా వెతికింది, అనుమతుల కోసం చెప్పులరిగేలా తిరిగింది గుర్వయ్య. పేరు మాత్రం మేస్త్రీది.

ఒక గృహప్రవేశంలో ఇంటివాళ్లు ఐలేశాన్ని పీట మీద కూర్చోబెట్టి బట్టలు పెడుతుంటే చూడలేక, గుర్వయ్య అన్నం ముట్టకుండా లేచి వచ్చేశాడు. మర్నాడే ఐలేశాన్ని మాన్పించి వేరే మేస్త్రీని పెట్టుకున్నాడు. కొత్త ఇండ్లు అయిదు లేచాయి. మొదటి వానకే రెండింటి స్లాబులు కారాయి. వాటిని బాగుచేయించి అమ్మేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

అప్పుడే దేవరకొండలో ఉంటున్న కూతురు ప్రవళిక ఫోన్ చేసింది. "బాపూ, మా ఇంటి పని ఐలేశం కాకకే అప్పజెప్పినం. గోడలు గుడ లేచినయి. కోపం జేస్కోకు."

సొంత బిడ్డ కూడానా! భార్య భాగ్యలక్ష్మి వద్దంటున్నా వినకుండా గుర్వయ్య దేవరకొండకు బయలుదేరాడు. తాడుకు గుండు కట్టి గోడ గోడకూ వేలాడదీసి చూశాడు. ఒక్కటీ వంకర లేదు.

"ఏమన్న దొరికిందా అన్నా?" అన్నాడు ఐలేశం, పైనుంచి దిగుతూ.

"ఏం దొరకలే. అందరు నీ పేరే జెప్తరు. నాకు కడుపు మండుతదిరా!"

"నాకు మండదా? గిన్ని ఇండ్లు కట్టిన. ఇప్పటికీ కిరాయింట్లనే ఉంటున్న. నీ ఇంటి ముందలకెళ్లి పోవాల్నంటే తల దించుకొని పోత."

గుర్వయ్యకు ముందు సంతోషమే కలిగింది. తనను చూసి కుళ్లుకునేవాడూ ఉన్నాడు! సిగ్గు ఆ తర్వాత వచ్చింది.

తిరిగి వచ్చాక కొత్త వెంచర్‌లో మూల ప్లాటును ఐలేశం పేరున రాయించి, మళ్లీ పనికి రమ్మన్నాడు. ఐలేశం ఆదివారాలు పనిచేసుకుంటూ అక్కడ తన ఇల్లు లేపుకున్నాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తారు. గుర్వయ్యా ఆగుతాడు. తన ఇంటికన్నా అది బాగుందని అతనికి తెలుసు. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనడు.