గడప దాకా టాంగో

రెండువేల సంవత్సరం దగ్గరపడుతున్న ఆ రోజుల్లో మాదాపూర్‌లో నా ఉద్యోగం, సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన పాత ప్రోగ్రాములు వెతికి నాలుగంకెల్లోకి దిద్దడం. పగలంతా అంకెల అడుగులు సరిచేసేవాణ్ణి. సాయంత్రం నల్లగండ్లలో నేను అద్దెకున్న మేడమీద గదికొచ్చి నా అడుగుల అంకెలు సరిచేసుకునేవాణ్ణి. టాంగో అనే విదేశీ జంట నాట్యం నేర్చుకుంటున్నాను మరి. లింగంపల్లి స్టేషను వెనకాల ఉండే ఆంగ్లో ఇండియన్ టీచరమ్మ, రైల్వే స్కూల్లో పనిచేసి రిటైరైనావిడ, ఆదివారాలు నేర్పేది. ఎవరినీ ఎరగని ఊళ్ళో పెళ్ళికానివాడికి ఆదివారం చాలా పొడుగు. జంట లేదు కనక ఇంట్లో దిండును పట్టుకొని సాధన చేసేవాణ్ణి. ఆ దిండు విన్నంతగా నా మాట మరెవరూ వినలేదు.

కింద ఇంటి ఓనరు, ఆయన భార్య ఉండేవారు. అరవై దాటిన మనుషులు, ఆ ఊరివాళ్ళే. ఒక సాయంత్రం ఆయన పైకొచ్చి తలుపు కొట్టాడు.

"ఏంది సారూ, మీద ఏమన్న దంచుతున్నవా? కింద మాకు సున్నం రాలుతున్నది."

"టాంగో అండి, బాబాయిగారూ."

"టాంగానా? గుర్రమేది మరి?"

"నేనేనండి."

ఆయన నవ్వలేదు. నన్నూ దిండునూ మార్చి మార్చి చూశాడు.

"గిండ్ల నడుసుడుంటదా?"

"అంతా నడకేనండి. పాటకు తగ్గట్టు మగమనిషి ముందుకు, ఆడమనిషి వెనక్కి."

ఆయన వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. భార్యకు వణుకు జబ్బని అప్పుడు చెప్పాడు. చేతులు వణికితే వణికాయి, కాళ్ళతోనే కష్టం. మామూలుగా నడిచే మనిషే ద్వారం దగ్గరికి రాగానే పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు నిలబడిపోతుంది. ఎవరో ఒకరు ఎత్తి దాటించాలి. పాటకో దరువుకో నడిపిస్తే కాళ్ళు కదలొచ్చని దవాఖానలో డాక్టరు అన్నాడట.

"రేడియో పెట్టి సూసిన సారూ. వార్తలొచ్చినయ్." నా దిండును పక్కకు జరిపాడు. "ఆమెకు ఒక్కటే ఆశ. పొద్దుగాల తన కాళ్ళతోని కడప దాటి, వాకిట్ల ముగ్గేసుకోవాలెనంట. జర నేర్పియ్యరాదు?"

కోస్తావాణ్ణి కనక కడప అంటే మొదట జిల్లా అనుకున్నాను. అంత దూరం నడిపించడం నావల్ల కాదని చెప్పబోయి, గడప అని తెలిశాక, అంత దగ్గరికి కూడా నావల్ల కాదని చెప్పాను. నాకే సరిగా రాదన్నాను.

"మాకు అసలే రాదు గద. నీకు జర వచ్చు గద," అన్నాడాయన. అలా ఆదివారం శిష్యుణ్ణి, సోమవారానికల్లా గురువునయ్యాను.

మొదటిరోజు కింద హాల్లో మంచం గోడకు నిలబెట్టి, టేప్‌రికార్డర్ పెట్టాను. పిన్నిగారు కొంగు నడుముకు బిగించి నిలబడ్డారు. ఆయన చెయ్యి వీపు మీద పడగానే మొహం పక్కకు తిప్పుకున్నారు.

"మనుమలు సూస్తే నవ్వరా?"

"నవ్వనియ్యి. టికెట్టు పెడుదాం," అన్నాడాయన.

పాట మొదలైంది. ఆయన ముందుకు అడుగేశాడు. ఆమె పాదం కదలడం ఆలస్యమై రెండు పాదాలూ తగిలాయి. వెంటనే ఆమె చెయ్యి విడిపించుకొని, ఆయన కాలు తాకి కళ్ళకద్దుకోవడానికి వంగారు. వంగినావిడ ముందుకు తూలిపోయారు. ఇద్దరం చెరోవైపు పట్టుకున్నాం. మళ్ళీ మొదలుపెట్టాం, మళ్ళీ తగిలింది, మళ్ళీ వంగారు.

నవ్వడానికి నాకు ముఖం లేదు. టీచరమ్మ బూటు తగిలిన మొదటి ఆదివారం నేనూ అలాగే వంగాను. ఆవిడా ఏమైందోనని వంగింది. తలలు ఢీకొన్నాయి. "ఇది డ్యాన్సా మ్యాన్, పూజా?" అంది నుదురు రుద్దుకుంటూ.

పిన్నిగారి సంగతి అంత తేలిక కాదు. "మొగని కాలుకు నా కాలు తాకుడేంది? పాపం తగులుతది," అన్నారు.

"తగిలితే సగం నాకియ్యి," అన్నాడాయన. ఆమె ఒప్పుకోలేదు. చివరికి ఆయనే ఉపాయం చెప్పాడు. "ఇయ్యాల్టి మొక్కులన్నీ ఇప్పుడే మొక్కుకో. పాట అయ్యేదాంక మధ్యల వంగుడు లేదు."

ఆమె కుర్చీలో కూర్చుంది. ఆయన గోడ పట్టుకొని కాలెత్తాడు. ఆమె వణికే వేళ్ళతో ఆ పాదం తాకి కళ్ళకద్దుకొని, "ఇగ పెట్టు కొడుకా," అంది నాతో. అప్పటినుంచి మా పాఠం అలాగే మొదలయ్యేది. ఒకరోజు ఆయన గబుక్కున వంగి ఆమె పాదాలే తాకేశాడు. "ఛీ! గిదేం పనయ్యా!" అని ఆమె కేకలేస్తుంటే నేను అక్కర్లేకపోయినా క్యాసెట్ తిరగేశాను.

హాలు మధ్యలో కాళ్ళు అతుక్కుపోతే ఏం చెయ్యాలో టీచరమ్మను అడిగాను. లాగొద్దంది. పట్టుకున్న మనిషి తన బరువును ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మెల్లగా మార్చాలట. ఆమె ఒళ్ళూ దాంతోపాటు ఊగుతుంది, ఒక కాలు తేలికవుతుంది, తేలికైన కాలు కదులుతుంది. విన్నది విన్నట్టే తెచ్చి అప్పజెప్పాను. హాల్లో పనిచేసింది. గడప దగ్గర మాత్రం చాలా రోజులు ఓడిపోయాం.

చలి మొదలైన ఒక పొద్దున నేను ఆఫీసుకు దిగుతుంటే ద్వారంలో ఇద్దరూ ఒకరినొకరు పట్టుకొని పాట లేకుండానే ఊగుతున్నారు. మెట్ల మీదే ఆగిపోయాను. ఆమె మడమ లేచింది, గడప మీదుగా వెనక్కి వచ్చి ఇవతల వాకిట్లో ఆనింది. రెండోది కూడా.

ఎదురింటావిడ చీపురు పట్టుకొని చూస్తోంది. "ఏందక్కా, ఇంట్లకెల్లి ఎన్కకెన్కకు ఒస్తున్నవ్?"

"ముంగటికొస్తే కాళ్ళు సిగ్గువడుతున్నయే," అందామె.

పీట మీద కూర్చొని ముగ్గేసింది. చెయ్యి వణికి గీతలు వంకర్లు పోయాయి, కొన్ని చుక్కలు కలవనే లేదు. ఆ చలికాలమంతా రోజూ వేసింది. తొక్కకుండా ఆఫీసుకు పోవడానికి నాకు వచ్చిన అడుగులన్నీ వాడాల్సి వచ్చేది.

ఎండలు ముదిరేసరికి మందులు పనిచెయ్యడం తగ్గింది. రెండుసార్లు పడిపోయింది. గడప దాకా వచ్చి, కాసేపు ఊగి, "ఇయ్యాల వద్దయ్యా," అని వెనుదిరిగేది. తర్వాత హాల్లోనే, కుర్చీలో కూర్చోబెట్టి ఆయన ఎదురుగా కూర్చొని చేతులు పట్టుకొని ఊగేవాడు. నేను పాట పెట్టేవాణ్ణి. నేర్పడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు.

వానల్లో జ్వరం వచ్చి ఊపిరితిత్తులకు పాకింది. దవాఖానకు తీసుకుపోయేటప్పుడు నలుగురం మంచంతో సహా ఎత్తి గడప దాటించాం. తిరిగొచ్చినప్పుడు లోపలికి తీసుకుపోలేదు. బయట ప్రాణం పోయిన మనిషిని ఇంట్లోకి తీసుకుపోరు కదా, వాకిట్లోనే పడుకోబెట్టారు.

దినాలైపోయి చుట్టాలు వెళ్ళిపోయాక ఒక సాయంత్రం ఆయన పైకొచ్చాడు.

"పాట పెడుదువు రా సారూ."

"ఎవరితో, బాబాయిగారూ?"

"నీకు ఎన్కకు నడుసుడొస్తదా?"

"నేర్చుకోలేదండి."

"రా, నేర్పిస్త."

కిందికి వెళ్ళాం. ఆయన అరచెయ్యి నా వీపు మీద పడింది. ఒక అడుగు వేశాడు, నేను వెనక్కి వేశాను. అంతలో ఆయన ఆగాడు. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుస్తూ అక్కడే నిలబడ్డాడు. నా కాళ్ళు కదలడానికి ఎప్పుడో సిద్ధంగా ఉన్నాయి. అయినా ఆయన తొందరపెట్టలేదు, నేనూ పెట్టలేదు. చాలాసేపటికి ఇంకో అడుగు. మళ్ళీ ఆగాడు.

పాట మమ్మల్ని వదిలేసి ముందుకు వెళ్ళిపోయింది. క్యాసెట్ టక్కుమని ఆగేసరికి మేమింకా హాలు సగం కూడా దాటలేదు. ఆయన కళ్ళు మూసుకొని ఊగుతూనే ఉన్నాడు. పాట అయిపోయిందని నేను చెప్పలేదు.