పండుగప్ప పొలుసుల పూలు

మొన్న సాయంత్రం మా అమ్మాయి స్కూలు నుంచి తెచ్చిన కవరు విప్పగానే, తెనాలిలో మేముండే ఇంటి ముందుగదంతా గులాబీ సెంటు వాసన కమ్ముకుంది. అమ్మకి, అంటే నాకు, ఇవ్వడానికి గ్రీటింగ్ కార్డట. బొమ్మ ముందే అచ్చువేసి ఉంది, అమ్మ మీద ప్రేమ కూడా ఇంగ్లీషులో అచ్చువేసే ఉంది. పిల్ల చెయ్యాల్సిందల్లా ఒక రిబ్బను పువ్వు అంటించడం. సొంతంగా ఇంకేమీ పెట్టొద్దని, అందరివీ ఒకేలా ఉండాలని టీచరు గట్టిగా చెప్పిందట. నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్ల అమ్మకి చేసుకునే దాని మీద కూడా స్కూలు పెత్తనమేంటి? ఈ మంట నాకు కొత్తది కాదు.

మాది అడవులదీవి. నాన్న చేపల వేటకు వెళ్ళేవాడు. అమ్మ నాంచారమ్మ తెల్లవారే బస్సుకు చేపల గంపతో రేపల్లె మార్కెట్టుకు వచ్చేది. నేను ఆ ఊళ్ళోనే హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. చలికాలంలో అమ్మ కాల్చిన తేగలు కాగితంలో చుట్టి, గోంగూరలో వేసి వండిన ఎండు రొయ్యలు చిన్న గిన్నెలో పెట్టి తెచ్చి, గేటు బయటే నిలబడి, చేతులు చీరకు తుడుచుకుని మరీ నా బుగ్గలు పట్టుకునేది. ఆమె వెళ్ళాక నా జడలోనో గౌను మీదో ఒకటో రెండో పొలుసులు అంటుకుని ఉండేవి. తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే తోటి పిల్లలు ముక్కు మూసుకుని "మీ అమ్మొచ్చిందా?" అని నవ్వేవాళ్ళు. నాకు మాత్రం ఆ పొలుసులు దులిపెయ్యబుద్ధి అయ్యేది కాదు. ఎండకు ఎత్తి పట్టుకుంటే ముత్యంలా మెరిసి, అంచున సన్నగా గులాబీ, ఆకుపచ్చ ఛాయలు తేలేవి.

ఒక ఏడు మా క్లాసు సుగుణ టీచరు, కొత్త సంవత్సరం వస్తోంది కాబట్టి అందరూ అమ్మలకు గ్రీటింగ్ కార్డు చెయ్యాలని, వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఎవరి అమ్మకు వాళ్ళు ఇచ్చుకోవాలని చెప్పింది. నేను పండుగప్ప చేప పొలుసులు పెద్దవి ఏరి తెమ్మని అమ్మను అడిగాను. "వాటితో ఏం చేస్తావే పిచ్చిదానా?" అంటూనే తెచ్చింది. వాటిని కుంకుడు రసంతో, నిమ్మచెక్కతో వాసన పోయేదాకా కడిగి, నీడన ఆరబెట్టి, కొన్నింటిని పసుపు నీళ్ళలో ముంచి తీశాను. వంటమనిషి కోటమ్మత్తను బతిమాలి మైదా జిగురు ఉడికించుకున్నాను. పాత పెళ్ళిపత్రిక తాలూకు ముదురు నీలం అట్ట మీద రేకు పక్కన రేకు అతికించి, నల్లదారంతో కాడలు కుట్టి, ఒక సన్నజాజి కొమ్మ తీర్చాను. అమ్మకు చదువు రాదు కదా, అందుకే లోపల అక్షరం ముక్క రాయకుండా బస్సు కిటికీలోంచి చూస్తున్న అమ్మ ముఖం వేశాను.

వార్షికోత్సవం ఉదయం సుగుణ టీచరు అందరి కార్డులూ చూసి, నాది ఒక్కటీ చేతిలో ఉంచుకుంది.

"ఇది ముఖ్య అతిథిగారి అమ్మగారికి ఇద్దాం."

"మా అమ్మకి చేశానండి."

"మీ అమ్మకి ఇంకోటి చేసుకోవచ్చులే. ఆవిడకి ఇవన్నీ ఏం తెలుస్తాయి?"

ముఖ్య అతిథి స్కూలుకు ఫ్యాన్లు ఇప్పించిన పెద్దమనిషి. ఆయన తల్లి పట్టుచీర కట్టుకుని వేదిక మీద మధ్య కుర్చీలో కూర్చుంది. కార్డు నా చేతే ఇప్పించారు. ఆవిడ పూలను వేలితో మురిపెంగా నిమిరి, "భలే ఉన్నాయే, దేంతో చేశావమ్మా?" అని అడిగింది. "పండుగప్ప పొలుసులండి" అన్నాను. "చేపదా!" అని ఆవిడ కార్డు కింద పడేసి, చెయ్యి ఒంటికి దూరంగా పెట్టుకుని నీళ్ళు తెమ్మంది. ముందు వరుసల్లో నవ్వులు. సుగుణ టీచరు నా రెక్క గిల్లి, "ముందే చెప్పి చావొచ్చుగా" అని పళ్ళు కొరికింది.

అప్పుడు వెనక ఆడవాళ్ళలోంచి అమ్మ లేచింది. అందరి మధ్య నుంచి నడిచొచ్చి వేదిక ఎక్కింది.

"ఏంటమ్మా, పైకెక్కేస్తున్నావ్? దిగు" అంది టీచరు.

"దిగుతానండి, నాది నేను తీసుకుని." అమ్మ వంగి కార్డు తీసి, పైట చెంగుతో దుమ్ము తుడిచి, పెద్దావిడ వైపు తిరిగింది. "నా బిడ్డ నాకు చేసుకుందండి. పొరపాటున మీ చేతికొచ్చింది."

నన్ను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేసింది. బస్సులో కార్డు విప్పి, తన ముఖాన్ని చాలాసేపు చూసుకుంది. "ముక్కు కొంచెం పెద్దదేశావే" అని నవ్వింది. నేనే ఏడ్చాను, కోపంతో.

ఆ కార్డు మా ఇంట్లో దేవుడి పటాల పక్కనే ఉండేది. ఉప్పుగాలికి అట్ట మెత్తబడి, జిగురును బొద్దింకలు తిని, రేకులు ఒక్కొక్కటే రాలిపోయాయి. రాలినప్పుడల్లా అమ్మ ఏరి అన్నం మెతుకుతో మళ్ళీ అంటించేది. ఇప్పుడు కార్డు లేదు, అమ్మా లేదు.

పోయిన నెల బాపట్లలో ఒక పెళ్ళిలో సుగుణ టీచరు కనిపించింది. జుట్టు నెరిసింది, గొంతు మాత్రం అదే. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని భోజనాల బంతిలో వాళ్ళందరికీ చెప్పింది. "ఈ అమ్మాయి చిన్నప్పుడు మా స్కూలు కోసం పొలుసులతో కార్డు చేసింది. ముఖ్య అతిథి వాళ్ళమ్మగారు ఎంత ముచ్చటపడ్డారో!"

"ముచ్చటపడలేదండి, కింద పారేశారు. అది స్కూలు కోసం చేసిందీ కాదు. మా అమ్మకి చేసుకుంటే మీరు లాక్కున్నారు."

టీచరు ముఖం ఎర్రబడింది. "ఎప్పటి మాటలే అవి? ఇంకా మనసులో పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నానండి."

అమ్మే ఉంటే నవ్వి ఊరుకునేదేమో. నాకు నవ్వు రాలేదు. అప్పుడే వడ్డించిన ఆకు ముందు నుంచి లేచి, వేరే బంతిలో కూర్చుని, కడుపు నిండా తిన్నాను.