నాయన రికార్డుల వరుస

మా నాయన పట్టుగూళ్ళ వ్యాపారి. ధర్మపురి నుంచి బెంగళూరు వెళ్ళిన ప్రతిసారీ పాత సామాన్ల అంగళ్ళు గాలించి, ఒకటో రెండో గ్రామఫోను రికార్డులు కొని, పసిబిడ్డను పట్టుకున్నట్టు బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చేవాడు. సగం కర్ణాటక సంగీతం, సగం ఇటలీ, జర్మనీ వాళ్ళ ఒపేరాలు. ఒక్క ముక్క అర్థం కాని పాటలు ఎందుకని అమ్మ దెప్పేది.

"మన తెలుగు కీర్తనలు అరవోళ్ళు వినేది లేదా? వాళ్ళకు మాత్రం ఏం అర్థమైతాది?" అనేవాడు.

అమ్మ పోయాక ఆయన చూపు కూడా తగ్గుతూ వచ్చింది. పోయిన ఏడాదికి వెలుగూ నీడా తప్ప ఇంకేమీ తెలియని స్థితి. అయినా మధ్యాహ్నం నిద్ర లేవగానే తనే బీరువా దగ్గరికి నడిచి, వేళ్ళతో అట్టల అంచులు తడుముతూ కావలసిన రికార్డు తీసి, తనే ప్లేయర్ మీద పెట్టుకునేవాడు. ఇంకొకరు ముట్టుకుంటే కోపం. స్నానానికీ అన్నానికీ నా చెయ్యి పట్టుకోవలసి వచ్చిన మనిషికి సొంతంగా మిగిలిన పని అదొక్కటే.

నేనేమో ఇరవై ఏళ్ళు కాలేజీ లైబ్రరీలో పని చేసినదాన్ని. ఒపేరాలూ కీర్తనలూ అలా కలగాపులగంగా కనిపిస్తుంటే నా చేతులు ఊరుకుంటాయా? ఆయన కారిమంగళంలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళిన వారంలో మొత్తం కిందికి దించేశాను. దుమ్ము తుడిచి, భాషల ప్రకారం, పాడినవాళ్ళ పేర్ల ప్రకారం సర్ది, చీటీలు అంటించి, కంప్యూటర్లో జాబితా కూడా ఎక్కించాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

తిరిగొచ్చిన రోజు మధ్యాహ్నం ఆయన బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఒకటి తీసి వేశాడు, వెంటనే ఆపేశాడు. ఇంకొకటి. అదీ కాదు.

"శంకరాభరణం ఎక్కడ పెట్టినావు పాపా?"

అడిగితే, ఆయన వెతుకుతున్నది ఒక ఇటలీ ఒపేరా. కర్ణాటక సంగీతానికి మూలమైన డెబ్బై రెండు మేళకర్త రాగాల వరుసలో అన్నిటినీ పెట్టుకున్నాడని అప్పుడు తెలిసింది, ఒపేరాలతో సహా. ఒక్కో ఒపేరాలో తనకు బాగా నచ్చిన ఒక్క పాట ఏ రాగానికి దగ్గరగా వినిపిస్తే దాని స్థానం అక్కడ. అది ఏ పుస్తకంలోనూ లేదు, ఆయనా ఎక్కడా రాసుకోలేదు.

"చెప్పు నాయనా, మళ్ళా అట్లే సర్దుతాను" అన్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"నోటితో చెప్పేది కాదు పాపా. చెయ్యి దానంతటదే పోతా ఉండె, అంతే."

రెండు వారాలు తంటాలు పడ్డాం. నేను ఒక్కొక్కటే వేసేదాన్ని. ఆయన విని, దీన్ని ఇక్కడ పెట్టు అనేవాడు. మర్నాడు తడిమి చూసి, కాదేమో అనేవాడు. చివరికి చాలించమన్నాడు.

ఇప్పుడాయన బీరువా వైపు పోవడం లేదు. నిద్ర లేచి కుర్చీలో కూర్చుని నన్ను పిలుస్తాడు.

"నీకు ఏది చేతికొస్తే అది వెయ్యి."

నిన్న నేను వేసినది ఆయనకు మొదటినుంచీ గొంతు నచ్చని గాయని రికార్డు. సగంలో గుర్తొచ్చి తీయబోయాను.

"ఉండనీ, బాగానే ఉండాది" అన్నాడు. రెండో వైపు కూడా వేయించుకుని విన్నాడు.