బొటనవేలి కింది నియమం

ఆ మధ్యాహ్నం ఆళ్లగడ్డ మైదానంలో నేను అందరికీ వినిపించేలా చదివిన నియమం కింద ఇంకో నియమం ఉంది. దాని మీద నా బొటనవేలు ఉంది. వేలు అక్కడ ఊరికే పడలేదు, నేనే పెట్టాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అన్నీ రాసుకునే డైరీలో కూడా ఆ రోజు పేజీలో ఎండ ఎక్కువగా ఉందని మాత్రమే రాశాను. మొన్న నంద్యాలలో నేను పనిచేసే బడికి బేస్‌బాల్ నియమాల పుస్తకం కొత్తది వస్తే, అట్ట వేయమని వ్యాయామ టీచరు నా బల్ల మీద పెట్టి వెళ్లింది. అట్ట మడుస్తూనే ఆ రెండు నియమాల కోసం వెతికాను. అవి ఇందులో వేరువేరు పేజీల్లో ఉన్నాయి. వేలు చాలదు.

అప్పట్లో మాకున్నది ఇరవై పేజీల జిరాక్సు పుస్తకం. ఇంగ్లీషు నియమాల్ని తెలుగులోకి రాసిపెట్టింది నేనే. మా కాలేజీ జట్టులో ఆడేంత ధైర్యం నాకు లేదు కాబట్టి సారు స్కోరు రాసే పని ఇచ్చాడు. జట్టులో అందరికంటే వేగంగా పరిగెత్తేది మా పెద్దమ్మ కూతురు. నాకంటే రెండేళ్లు పెద్ద, మాట కూడా నాలుగింతలు పెద్ద. బస్సు కండక్టర్లతో చిల్లర కోసం నంద్యాల నుంచి చాగలమర్రి దాకా పోట్లాడగలదు. సాయంత్రాలు మా మిద్దె మీద చెప్పుల్ని బేసులుగా పెట్టి ఆమెకు నియమాలు వివరించేదాన్ని. ఆమె ఉడకబెట్టిన వేరుశనగ బుడ్డలు ఒలుచుకు తింటూ, పొట్టు నా పుస్తకం మీదికి విసురుతూ, వీధిలోకి చూస్తూ ఉండేది. ఒక్క ముక్కా చెవికెక్కలేదనే అనుకున్నాను.

ఆళ్లగడ్డలో ఆఖరి మ్యాచ్. గెలిచిన జట్టులోంచి రాష్ట్ర పోటీలకు పిల్లల్ని ఎంపిక చేస్తారని చెప్పారు. ఆ పోటీల్లో ఆడినట్టు సర్టిఫికెట్ ఉంటే అక్కకు వ్యాయామ టీచరు శిక్షణలో సీటు దొరుకుతుంది. ఏడాదిగా ఆమె నోట ఆ సీటు తప్ప ఇంకో మాట లేదు. ఆ రోజు పొద్దున బస్సు నంద్యాల దాటగానే నా సంచిలోంచి డైరీ లాగింది. జట్టంతా వినేలా చదవడం మొదలుపెట్టింది. "మైదానంలో నన్ను చూసి నవ్వనిది స్కోరు పుస్తకం ఒక్కటే" అని నేను రాసుకున్న వాక్యం దగ్గర ఆగి, దాన్ని రాగం తీసి మళ్లీ చదివింది. "పుస్తకం నవ్వకపోతే ఏమిలే, మేం నవ్వుతాండాం కదా" అంది. ఆళ్లగడ్డ వచ్చేదాకా నవ్వారు. డ్రైవరు కూడా అద్దంలోంచి చూసి నవ్వాడు. నేను కిటికీ చువ్వలు లెక్కపెట్టుకున్నాను. డైరీ ఆమె సంచిలోకే పోయింది.

ఆ మైదానంలో బేసులంటే ఇసుక నింపి కుట్టిన గోతాం ముక్కలు. పరుగు పూర్తిచేసే హోమ్ ప్లేటు మాత్రం శిల్పాలు చెక్కే ఊరు కదా, ఎవరో రాతి పలకే చెక్కించి పెట్టారు. కాళ్లు ముందుకు చాపి దాని మీదికి జారే ధైర్యం ఎవరికీ లేదు. ఆళ్లగడ్డ జట్టులో సగంమంది కబడ్డీ పిల్లలు. అంపైరుగా నిలబడిన సారు కూడా కబడ్డీ నేర్పేవాడే. చివరి ఇన్నింగ్స్‌లో మేం ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం, మాకు రెండు అవుట్లే మిగిలాయి. అక్క మొదటి బేసు మీద ఉంది. మా పిల్ల బంతిని నేల మీదుగా కొట్టింది, అక్క రెండో బేసుకు పరిగెత్తింది. అక్కడున్న ఫీల్డరు కబడ్డీ అలవాటు కొద్దీ గోతాం ముందు కాళ్లు చాపి, చేతులు విప్పి దారికి అడ్డం నిలబడింది. బంతి ఇంకా దూరాన వేరే పిల్ల చేతిలోనే ఉంది. అది నేను చూశాను, చూడడమే నా పని. "ఇడ్సొద్దు పాపా, కాలు పట్టుకో" అని గట్టు మీది జనం. అక్క జారింది, దారి లేక పక్కకు మళ్లింది, పాదం ఆ పిల్ల మోకాలి కింద తగిలింది. ఇద్దరూ దుమ్ములో పడ్డారు. ఆ పిల్ల కాలు చీరుకుపోయి రక్తం వచ్చింది.

రెండు జట్లూ తిట్లకు దిగాయి. అంపైరు ఎవరి మాటా వినకుండా నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చాడు. "ఏం పాపా, బుక్కులో ఏముండాదో చదువు. ఉండేది ఉన్నట్టు చదువు" అన్నాడు. అందరూ నోళ్లు మూశారు. పుట్టి బుద్ధెరిగాక నా గొంతు కోసం అంతమంది ఆగడం అదే మొదలు. జారే రన్నర్ బేసు వైపే జారాలి, ఫీల్డరును తాకడానికి దారి మార్చకూడదు, మారిస్తే ఆమెతో పాటు బంతి కొట్టినామె కూడా అవుట్ అని చదివాను. చేతిలో బంతి లేకుండా, బంతి కోసం కదలకుండా దారికి అడ్డం నిలబడ్డ ఫీల్డరుదే తప్పు, రన్నర్‌కు ఆ బేసు ఇవ్వాలి అన్నది కింది నియమం. దాని మీద వేలు ఉంచి పుస్తకం మూశాను. అంపైరు రెండు చేతులూ పైకెత్తాడు. ఇద్దరూ అవుట్, మ్యాచ్ అయిపోయింది.

అక్క పోట్లాడలేదు. అందరికీ అదే వింత. మోచేతి దుమ్ము దులుపుకుంటూ నా వైపు చూసింది, అంతే. ఇప్పుడు ఆమె చాగలమర్రిలో బట్టల అంగట్లో జాకెట్ గుడ్డలు కొలుస్తుంది. ఇంట్లో శుభకార్యాలప్పుడు నాకు ఆకు వేయాల్సి వస్తే ఇంకొకరి చేత వేయిస్తుంది. ఆ బస్సులో నవ్వును నేనూ క్షమించలేదు. కాలం అన్నీ మాన్పుతుందంటారు. మా ఇద్దరి మధ్య అది ఎనిమిదేళ్లుగా ఆ గోతాం ముందే కాళ్లు చాపుకొని నిలబడి ఉంది.

ఆ సాయంత్రం నంద్యాల బస్టాండులో దిగాక, అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, అక్క నా డైరీ నా చేతిలో పెట్టి ఒక్క మాట అంది. తర్వాత ఇంతవరకూ నాతో మాట్లాడలేదు.

"కింద ఇంగోటి ఉండాదని నాకు తెలుసు. మిద్దె మింద నువ్వే చెప్పినావు కదా. చదువుతావేమోనని చూసినా."