ఇడ్లీ అంగడి ముందు మూత

మురుగు కాలువ అందరికీ కావాలి, దాని మూత మాత్రం పక్కింటి ముందు ఉండాలి. చిత్తూరులో భూగర్భ డ్రైనేజీ పనుల మీద ఇంజనీరుగా ఇన్నేళ్ళు తిరిగి నేను తెలుసుకున్నది ఇంతే. అర్జీలు ఇచ్చేటప్పుడు వీధి మొత్తం ఒక్క మాట మీద ఉంటుంది. దోమలంటారు, కంపంటారు, పిల్లలకు జ్వరాలంటారు. పైపు ఎటు పోవాలో, మూత వేసే గుంత, అదే చాంబర్, ఎక్కడ రావాలో చూసి నేను రోడ్డు మీద ఎర్ర రంగుతో సున్నా చుట్టి వస్తాను. మర్నాడు వెళ్ళేసరికి ఆ సున్నా మీద పేడనీళ్ళు చల్లి ముగ్గు వేసి ఉంటుంది. మళ్ళీ చుడతాను. మళ్ళీ ముగ్గు. ఒక ఇల్లాలయితే నా సున్నాను మధ్యలో ఉంచి చుట్టూ తామర రేకులు దిద్దింది. కోపం వచ్చినా, ముగ్గు బాగుందని ఒప్పుకోక తప్పలేదు.

మా పనికి ప్రాణం వాటం. అంటే నీళ్ళు జారిపోవడానికి ఇచ్చే ఏటవాలు. పైపు ఎంత మంచిదైనా వాటం చాలకపోతే మురుగు నడవదు, నిలిచిపోతుంది. నిలిచిన మురుగు అన్నిటికంటే పల్లంలో ఉన్న మూతను తోసుకుని పైకి వస్తుంది. ఇందుకు పెద్ద చదువు అక్కర్లేదు, స్నానాల గదికి గచ్చు వేసే మేస్త్రీకి కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలిసి కూడా చేశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

ఆ వీధి పైనుంచి కిందికి దిగుతూ మధ్యలో మలుపు తిరుగుతుంది. పైపు మలుపు తిరిగే చోట చాంబర్ రావాలి. సరిగ్గా ఆ మలుపులోనే ఒక మామిడి మండీ యజమాని కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. ఆయన అరవలేదు, కాఫీ ఇప్పించాడు. మర్నాడు మాత్రం ఒక సిద్ధాంతిని పిలిపించాడు. నేను మూడు కాళ్ళ మీద లెవెల్ పరికరం నిలబెట్టి చూస్తుంటే, పక్కనే ఆ సిద్ధాంతి అరచేతిలో దిక్సూచి పెట్టుకుని చూశాడు.

"ఈశాన్యంలో మురుగ్గుంత పడితే ఇల్లు నిలవదు మేడం. మీరు సూసేది నీళ్ళ వాటం, నేను సూసేది ఇంటి వాటం," అన్నాడు.

"నీళ్ళు శాస్త్రం చదువుకోలేదు స్వామీ," అన్నాను.

చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. నా గెలుపు ఆ నవ్వు వరకే. సాయంత్రానికి మా పై అధికారికి ఫోన్లు వచ్చాయి.

"కొంచెం కిందికి జరిపితే ఏం పోతాదమ్మా?" అన్నాడాయన. ఆయన చెడ్డవాడని చెప్పలేను, విసిగిపోయిన మనిషి. "మలుపు దిగినాక ఇడ్లీ అంగడి ఉండాది గదా, దాని ముందర పెట్టు. ఆ పెద్దామెతో నువ్వే మాట్లాడు. ఆడోళ్ళు నీ మాటయితే వింటారు."

అక్కడ పెడితే వాటం తగ్గుతుందని చెప్పాను. కొంచెమే గదా అన్నాడు. ఆ రోజు పొద్దున ఒక వార్డులో మంచినీళ్ళ పైపు పగిలింది, మధ్యాహ్నం ఇంకో వార్డులో ఆడవాళ్ళు బిందెలతో రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. ఇంకొకరితో వాదించే ఓపిక నాకు లేదు. మా ఆఫీసులో తప్పులు చాలావరకు ఇట్లాగే జరుగుతాయి, ఈ ఒక్కటీ తెమిలిపోతే ఇంటికి పోవచ్చన్న తొందరలో. సరే సార్ అన్నాను.

అంగడి అంటే ఆమె ఇంటి ముందు గదే. రోడ్డుకంటే ఒక మెట్టు పల్లం. భర్త పోయినప్పటి నుంచి అక్కడే ఇడ్లీలు పోసి బతుకుతోంది. కోర్టు వాయిదాలకు పల్లెల నుంచి వచ్చేవాళ్ళు పొద్దున్నే బస్సు దిగి, కాగితాల సంచి ఒళ్ళో పెట్టుకుని అక్కడే తినేవాళ్ళు. ఆ పక్కకు పని మీద వెళ్తే నేనూ అక్కడే తినేదాన్ని. పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమెకు నేను మేడమ్మను.

సంగతి చెప్పగానే నవ్వింది. "పెట్టుకోండి మేడమ్మా. నాకు ఈశాన్యమూ తెలీదు, నైరుతీ తెలీదు." మళ్ళీ చట్నీ గరిటె చేతిలో పట్టుకునే ఒక్క మాట అడిగింది. "పొంగదు గదా?"

"పొంగదు పెద్దమ్మా. పూచీ నాది."

సంచిలోంచి తెల్లకాగితం తీసి ఆమె తరఫున సమ్మతి నేనే రాశాను. ఆమె కొంగుతో చేయి తుడుచుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేసింది. ఏం రాశానో అడగలేదు. నా ప్లేటులో ఇంకో ఇడ్లీ వేసింది. తిన్నాను.

చాంబర్ వచ్చింది, పైన సిమెంటు రోడ్డు వచ్చింది, పెద్దలొచ్చి రిబ్బన్ కత్తిరించారు. ఆమె రోజూ ఆ మూత కడిగి, దాని చుట్టూ ముగ్గు పెట్టుకునేది. తినే చోటు శుభ్రంగా ఉండాలనేది.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. వాన వదలకుండా ముసురుకుంది. మూడో రోజు పొద్దున ఫోను మోగితే, అవతలి మనిషి వీధి పేరు చెప్పకముందే నాకు అర్థమైంది.

వెళ్ళేసరికి మూత పక్కకు జరిగి ఉంది. మురుగు మెట్టు దిగి ముందు గదిలో నిలిచింది. గ్రైండరు సగం మునిగింది. ఆమె పిండి గిన్నెలు బల్ల మీదికి ఎత్తి, వాటి పక్కనే కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. మా వాళ్ళు చాంబర్లోకి కడ్డీలు దించి అడ్డం తీశారు. మధ్యాహ్నానికి మురుగు దిగిపోయింది. తిట్లకు సిద్ధపడి ఆ గుమ్మంలో నిలబడ్డాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆ మండీ ఆయప్ప వచ్చి అడిగుంటే ఒప్పుకునుండను మేడమ్మా. నువ్వు అడిగితివని ఒప్పుకుంటిని," అంది.

బ్లీచింగ్ వేసి గది కడిగించాను. అయినా మురుగు నిలిచిన గదిలో ఇడ్లీ ఎవరు తింటారు? కోర్టు పక్షులు ఎదురు సందులోకి మళ్ళారు. ఇంకో వానకు మళ్ళీ పొంగింది. ఆ తర్వాత ఆమె పొయ్యి వెలిగించడం మానేసింది. గ్రైండరు బాగుచేయిస్తానన్నాను. ఏం రుబ్బాలి అని అడిగింది.

చాంబర్ను మలుపులోకి మార్చాలని ఆఫీసులో నోటు పెట్టాను. కొన్నాళ్ళకు ఫైలు తిరిగొచ్చింది. కొత్త రోడ్డు తవ్వడం కుదరదని, ఇంటి యజమానురాలు ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నందున మార్పు అక్కర్లేదని రాసి ఉంది. రుజువుగా ఒక కాగితానికి పసుపు చీటీ అంటించారు. అది నేను రాసిన సమ్మతి పత్రమే. నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది, బళ్ళో మెచ్చుకునేవాళ్ళు. దాన్ని చూస్తే ఆ రోజు సిగ్గేసింది. వారం రోజులు ఆ వీధి వైపు పోకుండా చుట్టూ తిరిగి ఆఫీసుకు వెళ్ళాను.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆ కాగితం తీసుకుని వెళ్ళాను. ఆమె ఇడ్లీ రేకులు తోమి గోనెసంచిలో సర్దుతోంది. వాడకపోతే చిలుం పడతాయని అప్పుడప్పుడు తోముతుందట. ఫైలు తిరిగొచ్చిందని, ఎందుకు వచ్చిందో చెప్పాను.

"ఆ పొద్దు నేను అడగలేదు. ఏం రాసినావో చదువు మేడమ్మా," అంది.

చదివాను. "మా ఇంటి ముందు మురుగునీటి చాంబర్ నిర్మించుటకు, ఎవరి బలవంతమూ లేకుండా, మంచిచెడ్డలన్నీ తెలుసుకుని, నా పూర్తి ఇష్టంతో సమ్మతిస్తున్నాను." మంచిచెడ్డల దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాను.

ఆమె శ్రద్ధగా విని, "ఇదంతా నేను జెప్పినానా?" అని అడిగింది. అందులో వెటకారం లేదు. నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని చూస్తోంది.

"లేదు పెద్దమ్మా. పొంగదు గదా అని మాత్రం అడిగినావు." ఎవరితోనూ అనని మాట అప్పుడు అన్నాను. "పొంగుతాదని నాకు ఆ పొద్దే తెలుసు."

ఆమె చేతిలోని రేకు కింద పెట్టింది. నేను తల దించుకున్నాను.

"అట్లయితే ఆ మాటే రాయి," అంది. "ఈడే కూసోని రాయి."

ఇదివరకు ఇడ్లీ తిన్న బల్ల మీదే కూర్చుని రాశాను. వాటం చాలదని నాకు ముందే తెలుసని, ఆమెకు చెప్పలేదని, ఆ సమ్మతిలోని మాటలు ఆమెవి కావని రాశాను. ఇది పైకి వెళ్తే నా ఉద్యోగానికి ఏమవుతుందో ఆలోచించకపోలేదు. చదివి వినిపించమంది. వినిపించాను. అంతా విని, కొంగుతో చేయి తుడుచుకుని, పెన్ను కోసం చేయి చాపింది.

"ఈసారి నీది అక్కర్లేదు పెద్దమ్మా," అని నేనే సంతకం పెట్టాను.