తోక ఉన్నది మ, తోక లేనిది య

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున చర్చిలో హాజరు పిలిస్తే "ప్రెజెంట్" అనకూడదు. బైబిల్లోది ఒక వాక్యం అప్పజెప్పాలి. అదే హాజరు.

సండే స్కూలంటే పిల్లలకే అనుకుంటారు కదా... మార్కాపురంలో మా చిన్న చర్చిలో అట్ల కాదు. ముందు చాపల మీద మేము, మా వెనక అమ్మానాయనల వయసోళ్ళు, గోడవారన ముసలోళ్ళు. అందరికీ ఒకటే రిజిస్టరు. అయిదేళ్ళకు ఎక్కిన పేరు మనిషి పోతేనే కొట్టేసేది.

బజార్లో మీసం తిప్పుకుంటా తిరిగే మా నాయన, టీచరమ్మ పేరు పిలిస్తే చాలు... చేతులు కట్టుకుని నిలబడి, వాక్యం మర్చిపోయి, నా దిక్కు చూసేవాడు. నేను పెదాలు కదిపి అందించేదాన్ని.

మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, ఎప్పుడూ తడుముకోలేదు. విన్న వాక్యం విన్నట్టు నోట్లో నిలిచిపోయేది. కానీ చదవడం రాదు. పెళ్ళయిన కాడినుంచి పలకల ఫ్యాక్టరీలో పలకలు రుద్ది నునుపు చేసిన మనిషి. ఏయే ఊళ్ళ పిల్లలు వాటి మీద దిద్దుకున్నారో... అవ్వ మాత్రం ఒక్కదాని మీద కూడా 'అ' రాయలేదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు అడిగింది.

"నోటికొచ్చింది చానా చెప్పినా పాపా. కంటితో చూసి ఒక్క మాటన్నా చదవాల. నేర్పుతావా?"

చట్టం ఊడిన పలక ముక్క మీద మొదలుపెట్టినాం. సాయంత్రాలు గోడకు ఆనుకొని, బలపం నాలికకు తడుపుకుంటా రాసేది. నేను చీపురుపుల్ల పట్టుకుని టీచరమ్మను అయిపోయేదాన్ని.

"ఏందవ్వా... 'ప' పొట్టలో గీత పెడితివి, అది 'ష' అయిపాయె!"

"అట్లనే టీచరమ్మా, కొట్టబాకు" అని నవ్వేది.

వానల్లో మొదలుపెడితే చలికి గుణింతాలు పట్టింది. సంగతి తెలిసి మా పాస్టరు అయ్యగారు అందరి ముందర చెప్పినాడు... వచ్చే ఆదివారం పెద్దమ్మ వాక్యం అప్పజెప్పదు, చదువుతుంది అని. ఆ వారమంతా అవ్వకు అన్నం సయించలేదు.

శనివారం సాయంత్రం... వీధిలో తొక్కుడుబిళ్ళ గీతలు గీసేసినారు. నా వంతు వచ్చేసింది. అవ్వ పలక పట్టుకుని గడపదాకా వచ్చింది.

"పాపా, ఈ రెండూ ఒకటే మాదిరుండాయే. తోక 'మ'కా, 'య'కా?"

నేను వెనక్కి కూడా తిరగలేదు. "'య'కి!" అని అరిచి గెంతేసినా.

ఆదివారం హాజరులో అవ్వ పేరు వచ్చింది. ఉతికి దాచుకున్న తెల్లచీరలో లేచి నిలబడింది. అయ్యగారు పుస్తకం తెరిచి, ఒక మాట మీద వేలు పెట్టినాడు. "ఈ ఒక్కటి చాలులే పెద్దమ్మా."

'భయపడకుము.'

బుద్ధెరిగినప్పటి నుంచీ అవ్వ విన్న మాట. నిద్రలో లేపి అడిగినా చెప్తది. అయినా అక్షరం అక్షరం మీద వేలు జరుపుకుంటా, గట్టిగా...

"భ... మ... ప... డ... కు... యు."

చర్చంతా గొల్లున నవ్వింది. పక్కనున్న సారమ్మ పెద్దవ్వ, "ఏంది వదినా, నీకు అన్యభాషలు గానీ దిగినాయా?" అనేసరికి టీచరమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ప్రార్థనలో ఆవేశమొచ్చినోళ్ళు మాట్లాడే, ఎవరికీ అర్థంకాని మాటలు గదా అవి...

అవ్వ తల తిప్పి నన్నే చూసింది. నేను చాప పుల్లలు పీకుతా తల దించుకున్నా.

"నా కండ్లే అయ్యగారూ" అనింది అవ్వ. "తోక సరిగ్గా కనపడలా."

ఇంటికి నడిచొచ్చేటప్పుడు ఏడుపు ఆగలేదు. తప్పు చెప్పింది నేనే అని చెప్పేసినా.

"అక్కడే తెలిసిందిలే."

"మరి... ఆ మాట నీకు నోటికొచ్చు కదవ్వా! అట్లనే చెప్పేసి ఉంటే అయిపోయేది కదా?"

"నోటికొచ్చింది చెప్తే అది చదివినట్టా? నువ్వు నేర్పినట్టే చదివినా."

డిగ్రీలో బట్టీ పట్టి పరీక్ష రాసి వచ్చిన ప్రతిసారీ ఈ మాట నన్ను గిల్లింది.

ఆ సాయంత్రమే అవ్వ నాతో పెన్సిలు చెక్కించుకుంది. తన నల్లట్ట బైబిలు పుస్తకం మొదటి పేజీ తీసింది. తోక లేని అక్షరం కనపడిన చోటల్లా కింద ఒక చుక్క పెట్టుకుంది... 'ఇది య' అని గుర్తు. మళ్ళీ ఆదివారం అదే మాట అడిగి మరీ చదివింది. ఎవరూ నవ్వలేదు. సారమ్మ పెద్దవ్వే నా జడ పట్టి లాగి, "నాకెప్పుడు నేర్పుతావే?" అనింది.

ఇప్పుడు చర్చి పెద్దదయింది. గోడ మీద తెర, దాని మీద వాక్యం మెరుస్తా ఉంటుంది. ఎవరూ అప్పజెప్పనక్కర్లేదు. పిల్లలకు పక్క గదిలో క్లాసు... పెద్దోళ్ళకు అదీ లేదు. ఆ రిజిస్టరు ఏ బీరువాలో ఉందో.

నేను హైదరాబాదులో కోచింగ్ అనీ, ఉద్యోగమనీ రూములు మారుస్తా ఉన్నా. పొద్దున్నే ఫోనులో వాక్యం వస్తుంది, వేలితో పక్కకు నెట్టేస్తా. ఊరికొచ్చి చర్చిలో వెనక కూర్చున్నప్పుడు మాత్రం... ఎవరన్నా నా పేరు పిలిస్తే బాగుండు అనిపిస్తుంది. పిలిస్తే ఏం అప్పజెప్తానో తెలియదు.

మొన్న అవ్వ పుస్తకం తెరిచినా. పేజీ పేజీకీ సన్నటి చుక్కలు... సగం దాటినాక చుక్కలు లావయినాయి, పక్కకు జరిగినాయి. కండ్లు నిజంగానే మసకలయిన రోజులవి. తర్వాత ఒక పేజీ మధ్యలో ఆగిపోయినాయి.

మీరూ ఎవరికన్నా అక్షరాలు నేర్పి ఉంటే, వాళ్ళు మొదట చదివిన మాటేందో చెప్పండి... నేనైతే చుక్క లేని ఆ మొదటి 'య' దగ్గర పెన్సిలు పెట్టి కూర్చున్నా.